లాచ్ బిగించడానికి జిగ్ ఎందుకు, చేతిలో పనుంటే చాలదా?

"మామ్మగారు బాత్రూంలో ఉండిపోయారు, తలుపు రావట్లేదు, మీరే బిగించారు కదా, కొంచెం తొందరగా రండి" అని ఫోన్ వచ్చేసరికి నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ అది. ఆ ఇంటి తలుపులన్నీ నేనే బిగించాను, అప్పటికి ఐదు నెలలు కూడా కాలేదు. ముసురు పట్టిన రాత్రి, పైగా ట్రాఫిక్, చేరేసరికి ముప్పావుగంట పట్టింది. లోపల్నుంచి ఆవిడ "ఏం ఫర్వాలేదు నాయనా, నెమ్మదిగా తియ్యి" అంటున్నారు గానీ, డెబ్బై దాటిన మనిషి, గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది. బయటి నాబ్ ఊడదీసి, ఆ రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి లాచ్ నాలుకను, అంటే తలుపు మూస్తే ఫ్రేములోకి దూరే ముక్కని, బలవంతంగా వెనక్కి లాగితే అప్పుడు వచ్చింది తలుపు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. కోడల్ని పిలిచి నాకు మంచినీళ్ళిమ్మన్నారు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి లాచ్ మొత్తం బయటికి తీసి చూశాను. వస్తువులో లోపమేమీ లేదు, చేతిలో పట్టుకుని తిప్పితే సాఫీగా తిరుగుతోంది. లోపమంతా నేను చేసిన రంధ్రంలో ఉంది. ఈ రకం తాళానికి తలుపు అంచులో లాచ్ దూరడానికి 25 మి.మీ. రంధ్రం, తలుపు ముఖం మీద నాబ్ కోసం 54 మి.మీ. రంధ్రం కొట్టాలి, ఆ రెండూ లోపల సరిగ్గా ఎదురెదురుగా కలవాలి. అంచులో రంధ్రాన్ని నేను డ్రిల్లు చేత్తో పట్టుకుని కంటి అంచనాతో కొట్టాను. అది ఒక రెండు డిగ్రీలు వాలింది. రెండు డిగ్రీల వాలు కంటికి ఆనదు. కానీ 60 మి.మీ. లోపలికి వెళ్ళేసరికి అదే 2 మి.మీ. పక్కకి పోతుంది. నాబ్ ఇరుసు ఒక దారిలో, నాలుకని లాగే లాచ్ తోక ఇంకో దారిలో ఉండి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఎండాకాలమంతా ఎలాగో నెట్టుకొచ్చాయి, వానలకి చెక్క ఉబ్బి ఆ మిగిలిన కాస్త సందు కూడా పోయాక పట్టేశాయి.

అప్పట్నుంచి జిగ్ లేకుండా, అంటే పనిముట్టు దారి తప్పకుండా నడిపించే అచ్చు లేకుండా, నేను ఒక్క లాచ్ కూడా బిగించలేదు.

మా పనివాళ్ళలో దీనికి మంచి పేరు లేదు. "జిగ్ పెట్టుకునేవాడు మేస్త్రి ఏంటి, మెషిన్ తిప్పేవాడు" అంటారు. చేయి తిరిగినవాడికి ఉలి, గూటం, మూలమట్టం ఉంటే చాలునని, ట్రిమ్మరు, అంటే చెక్కలో గాడి కోసే చిన్న చేతి మెషిన్, పట్టుకుని ప్లైవుడ్ ముక్క చుట్టూ తిప్పడం పని రానివాడి అడ్డదారని గట్టిగా నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళలో మంచి పనివాళ్ళున్నారు, వాళ్ళ మాటని నేను తేలిగ్గా తీసుకోను. ఎందుకంటే మా నాన్న మాట కూడా అదే. కోనసీమలో నలభై ఏళ్ళు తలుపులు చేసిన మనిషి. ఆయన చిత్రిక పట్టిన అంచు మీద వేలు పెట్టి చూస్తే అద్దంలా ఉండేది. నేను మొదటిసారి జిగ్ చేసి చూపించినప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఒరేయ్, చేతికి కళ్ళుండాలిరా, చెక్కకి కాదు" అన్నారు. ఆ మాటకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

నాన్న చేసిన తలుపులకి గొళ్ళెం, గడియ, లోపల అడ్డగడియ ఉండేవి. అవన్నీ తలుపు ముఖం మీద కూర్చునేవి. తలుపేమో అంగుళంన్నర మందం టేకు. గొళ్ళెం కొక్కేనికి ఒక నూలు అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు, చిన్న దెబ్బ వేస్తే సర్దుకునేది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3 మి.మీ. పైచిలుకు. ఆ రోజుల్లో తలుపు పనికి అదే సరిపోయే లెక్క, తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సందు కూడా నూలే వదిలేవారు. ఇప్పుడు ఫ్లాట్లలో బెడ్రూం తలుపు 32 మి.మీ. ఫ్లష్ డోరు. దాని అంచులో 25 మి.మీ. వెడల్పున్న ఫేస్ ప్లేటు, అంటే లాచ్ మూతి దగ్గర ఉండే లోహపు పట్టీ, దిగాలి. రెండు పక్కలా మిగిలేది చెరో మూడున్నర మిల్లీమీటర్ల చెక్క గోడ. అంటే నాన్న పొరపాటుకి వదిలేసుకునే కొలత ఎంతో, ఇప్పుడు ఒక్కో పక్క మనకి మిగిలే చెక్క దాదాపు అంతే. ప్లేటు మధ్యలోంచి ఒకటిన్నర మి.మీ. పక్కకి జరిగితే ఒక వైపు గోడ 5, ఇంకో వైపు 2. ఆ రెండు మిల్లీమీటర్ల వైపు ఉలి పెట్టి గూటంతో కొడితే ఏమవుతుందో ఈ పని చేసిన ప్రతివాడికీ తెలుసు. టప్పున పొర లేస్తుంది. తర్వాత ఫెవికాల్ పెట్టి, టేపు చుట్టి, పుట్టీ రాసి, పెయింటరుతో మాట్లాడుకోవాలి.

చెయ్యి పనితనం పోయిందని నేననడం లేదు. ఫ్యాక్టరీలో మిల్లీమీటరులో పదో వంతుకి తయారైన వస్తువుని పల్చటి తలుపులో కూర్చోబెట్టే పని ఉలికి ఎప్పుడూ ఎవరూ అప్పజెప్పలేదు, ఇప్పుడు అప్పజెప్పి అది తడబడితే చేతిని తప్పుపట్టడం అన్యాయం అంటున్నాను.

ఇక నా జిగ్ ఎలా ఉంటుందో వివరంగా చెప్తాను. ఇది పెద్ద విద్యేం కాదు, చేసుకునేవాళ్ళు చేసుకోవాలనే రాస్తున్నాను. 12 మి.మీ. మంచి ప్లై ముక్క ఒకటి, దాని మధ్యలో ఒక కిటికీ, కింద తలుపు ముఖానికి ఆనించే ఒక చెంపముక్క. ట్రిమ్మరు మామూలుదే, బిట్టుని పట్టుకునే కాలెట్ పావు అంగుళం ఉన్నది. దానికి 6 మి.మీ. స్ట్రెయిట్ బిట్టు, బిట్టు చుట్టూ గొట్టంలా ఉండే గైడ్ బుష్, దాని బయటి వ్యాసం 10 మి.మీ. బుష్ కిటికీ గోడకి ఆనుకుని తిరుగుతుంది, బిట్టు దానికి 2 మి.మీ. లోపలగా కోస్తుంది. కాబట్టి కిటికీ ప్లేటు కంటే ప్రతి వైపూ 2, మొత్తానికి 4 మి.మీ. పెద్దదిగా ఉండాలి. 25 బై 57 ప్లేటుకి 29 బై 61 కిటికీ. ఈ లెక్క చాలామంది తలకిందులు చేస్తారు, బుష్ వ్యాసంలోంచి బిట్టు వ్యాసం తీసెయ్యగా మిగిలింది ప్లేటు కొలతకి కలపాలి, అంతే. ప్లేటు మూలలు గుండ్రంగా, సుమారు 6 మి.మీ. రేడియస్‌తో వస్తాయి గనక కిటికీ నాలుగు మూలల్లో ముందే 16 మి.మీ. డ్రిల్లు బిట్టుతో రంధ్రాలు కొట్టి తర్వాత మధ్యలో కోసేస్తాను. 8 రేడియస్ మూలలో బుష్ తిరిగితే చెక్కలో 6 రేడియస్ వస్తుంది. ప్లేటు మూల అందులో అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. పలకల మూలలున్న ప్లేటైతే చివర్లో ఉలితో మూల తీయాల్సిందే, అక్కడ నాన్న నేర్పిన పని ఇప్పటికీ పనికొస్తుంది.

లోతు సంగతి. టేపు పెట్టి కొలిచి 3 మి.మీ. అని బిట్టు దించితే అది ఎప్పుడూ 3 కాదు. కిటికీ కోయగా మిగిలిన ప్లై ముక్కని దాచిపెట్టుకుంటాను. దాని మీద ఆ రోజు బిగించాల్సిన ఫేస్ ప్లేటునే పెట్టి, ఆ రెండింటి ఎత్తుకి సమానంగా బిట్టు బయటికి ఉండేలా ట్రిమ్మరు సరిచేస్తాను. ఇక కొలత అక్కర్లేదు. ప్లేటే కొలత. కోసేటప్పుడు ఒకేసారి పూర్తి లోతు దించకూడదు. ముందు ఒక పల్చటి పొర తీసి అంచు గీత శుభ్రంగా తెగాక, అప్పుడు దించాలి. కిటికీ లోపల ట్రిమ్మరుని గడియారం ముల్లు తిరిగే వైపే నడపాలి, ఎదురు తిప్పితే బిట్టు చెక్కని పట్టుకుని ముందుకి లాక్కెళ్ళిపోతుంది. టేకులో ముడి తగిలినప్పుడు చప్పుడు మారుతుంది, సన్నటి రివ్వు కాస్తా గరగరమంటుంది, అప్పుడు చెయ్యి నెమ్మదించాలి. ఇది ఏ జిగ్గూ నేర్పదు. పని అయ్యాక ప్లేటు పెట్టి గోరుతో అడ్డంగా గీరి చూస్తాను. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకోలేదంటే ఆ రోజు సాయంత్రం దాకా నాకు హాయిగా ఉంటుంది, నిజంగా.

లాచ్ దూరే 25 మి.మీ. వ్యాసం రంధ్రం లోతైనది, దానికి ట్రిమ్మరు పనికిరాదు, అంత పొడుగు బిట్టు దానికి పట్టదు. దానికి అదే చెంపముక్కకి తగిలే ఇంకో దుంగ ఉంటుంది, డ్రిల్ ప్రెస్ మీద నిలువుగా రంధ్రం కొట్టిన సుమారు 50 మి.మీ. మందం టేకు దుంగ. డ్రిల్లు బిట్టు ముందు ఆ దుంగలోంచి దూరి తర్వాత తలుపులోకి వెళ్తుంది. అలా వెళ్ళేటప్పుడు వాలడానికి దారి ఉండదు. ఆ రోజు మామ్మగారి తలుపుకి ఈ దుంగ లేదు. రంధ్రం ముందు, ప్లేటు గాడి తర్వాత.

మెయిన్ డోరుకి పెట్టే మార్టైస్ లాకు ఇంకా బరువైన పని, తాళం పెట్టె మొత్తం తలుపు లోపలికి దిగాలి. దానికి ఫేస్ ప్లేటు గాడి, పెట్టె గాడిలో పైన ఓ 20 మి.మీ. ట్రిమ్మరుతో తీసేస్తాను. ఆ గోడలే తర్వాత డ్రిల్లుకీ ఉలికీ దారి చూపిస్తాయి. బ్రిటన్‌లో సూబర్ అని ఒక జిగ్ ఉంది, డ్రిల్లుకి తగిలించి పెట్టె గాడి మొత్తం ఒకే అమరికలో తవ్వేస్తుంది. రోజుకి పది మార్టైస్ లాకులు బిగించేవాడికి అది న్యాయమే. మనకి ఒక ఫ్లాటులో అది ఒకటో రెండో ఉంటాయి, ప్లైవుడ్ చాలు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. జిగ్ చేసుకున్నవాళ్ళు కూడా చాలామంది ఒక చోట పొరపడతారు. తలుపు మందానికి సరిగ్గా మధ్యలో ప్లేటు పడాలని, రెండు వైపులా బిగించి మధ్యకి వచ్చేలా జిగ్ చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ తలుపు మూసినప్పుడు నాలుక ఎక్కడ ఆగుతుందో తేల్చేది తలుపు మధ్య కాదు, ద్వారబంధంలో తలుపు ఆనే గాడి. తలుపు ఏ ముఖం ఆ గాడికి ఆనుతుందో, ఆ ముఖం నుంచే కొలవాలి. సైటుకి వచ్చే ఫ్లష్ డోర్లు అన్నీ ఒకే మందం ఉండవు, 32 అని రాసి ఉన్న లాటులోనే ఒకటి అర మిల్లీమీటరు తక్కువ, ఇంకోటి ఎక్కువ. మధ్య నుంచి కొలిస్తే ఆ తేడాలో సగం ప్రతి తలుపుకీ మారుతూ ఉంటుంది. ఆనే ముఖం నుంచి కొలిస్తే మారదు.

అదే చెంపముక్కని తలుపుకి ఎలా ఆనించానో, ద్వారబంధంలో ఆ గాడికీ అలాగే ఆనించి నాలుక దూరే రంధ్రమున్న స్ట్రైక్ ప్లేటుకి గాడి కోస్తాను. తలుపు వేలాడదీసి, మూసి, పెన్సిలుతో తలుపు మీద నుంచి ఫ్రేము మీదికి ఒకే గీత గీసి, ఆ గీత మీద జిగ్ మధ్యగీత పెడతాను. దీంట్లో ఉన్న అందం ఏమిటంటే, నా చెంపముక్క ఒక మిల్లీమీటరు తప్పుగా బిగించి ఉన్నా సరే, ఆ తప్పు తలుపులోనూ ఫ్రేములోనూ ఒకే వైపు ఒకేలా పడుతుంది. నాలుక వెళ్ళి సరిగ్గా రంధ్రంలోనే పడుతుంది. చేత్తో గుర్తు పెట్టి చేసేటప్పుడు తలుపు తప్పు వేరు, ఫ్రేము తప్పు వేరు, రెండూ కలిసి పెద్దవవుతాయి. అప్పుడే స్ట్రైక్ ప్లేటుని ఆకురాయితో రాసి రంధ్రం పెద్దది చేస్తారు, తలుపు పడుతుంది గానీ గాలికి టకటకమని కొట్టుకుంటూ ఉంటుంది. ఎన్ని ఇళ్ళలో విన్నానో ఆ చప్పుడు. జిగ్ కొలత తప్పైతే అన్ని తలుపులూ తప్పవుతాయి కదా అని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు, తప్పు రెండు వైపులా ఒకేలా పడే పద్ధతి పెట్టుకుంటే చిన్న తప్పులు వాటంతట అవే కొట్టుకుపోతాయి.

పెద్ద తప్పులు కొట్టుకుపోవు, అదీ చెప్పాలి. ఒకసారి సన్‌మైకా అంటించకముందే ఒక ఫ్లాటులో తలుపులన్నిటికీ లాచ్ గాడులు కోసేశాను. ఇంటీరియర్ వాళ్ళు తొందరపెట్టారు, నేనూ ఒప్పుకున్నాను. ఫ్రేములు అప్పటికే తయారుగా ఉన్నాయని వాటికీ కోసేశాను. తర్వాత తలుపులకి రెండు వైపులా 1 మి.మీ. షీటు ఎక్కింది. ఆనే ముఖం ఒక మిల్లీమీటరు ముందుకొచ్చింది, లాచ్ గాడి మాత్రం ఉన్న చోటే ఉంది. ఏడు తలుపులు, ఏడూ గట్టిగా నొక్కితే గానీ పడవు. రెండు రోజులు కూర్చుని ఫ్రేముల్లో స్ట్రైక్ ప్లేట్లు జరిపాను, కూలి నా జేబులోంచే. అప్పట్నుంచి షీటు, బీడింగ్ అన్నీ అయ్యాకే జిగ్ బయటికి తీస్తాను, ఎవరెంత తొందరపెట్టినా సరే. వరస తప్పితే జిగ్ కూడా కాపాడదు.

గుత్త పనిలో టైమే డబ్బు కాబట్టి ఆ లెక్క కూడా. చేత్తో ఒక లాచ్ బాగా బిగించాలంటే నాకు ముప్పావుగంట పట్టేది. జిగ్‌తో పావుగంట. జిగ్ చేసుకోవడానికి ఒక పూట పట్టింది, ప్లై ముక్క గోడౌన్‌లో పడి ఉన్నదే. కానీ దీన్ని టైము కోసం చేసుకోమని నేను ఎవరికీ చెప్పను. మా దగ్గరికి పని నేర్చుకోడానికి వచ్చే కుర్రాళ్ళ కోసం చేసుకోమంటాను. పంతొమ్మిదేళ్ళ పిల్లాడికి ఉలి ఇచ్చి ఎవరిదో ఇంటి తలుపు మీద నేర్చుకోమంటే, వాడు నేర్చుకునే ప్రతి తప్పూ ఒక ఇంటివాళ్ళు ఇరవై ఏళ్ళు భరించాలి. ఉలి పని మేం చెత్త చెక్క మీద నేర్పిస్తాం, రోజూ సాయంత్రం ఒక అరగంట. ఇంటి తలుపు దగ్గర మాత్రం జిగ్. నాకు పాతికేళ్ళప్పుడు ఇలా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

సింహద్వారం నిలబెట్టే రోజు ముహూర్తం చూస్తాం, గడపకి పసుపు రాసి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొడతాం, మేస్త్రికి బట్టలు పెడతాం. లాచ్ బిగించే రోజు ఎవరూ పక్కన కూడా ఉండరు, పెయింటర్లు సామాను సర్దుకుంటూ ఉంటారు, ఇంటివాళ్ళు గృహప్రవేశం కార్డుల హడావుడిలో ఉంటారు. కానీ ఆ ఇంట్లో మనిషి చెయ్యి రోజూ ఎక్కువసార్లు తగిలేది ఆ నాబ్‌కే. రాత్రి పసిపిల్లాడు నిద్రపోయాక తల్లి చప్పుడు కాకుండా తలుపు వెయ్యాలంటే, ఆ నాలుక ఎక్కడా ఒరుసుకోకుండా జారాలి. నేను దసరా రోజు ఆయుధపూజలో ఉలి, బాడిస, రంపం పక్కన ఈ ప్లైవుడ్ ముక్కకీ బొట్టు పెట్టి ఉంచుతాను. మొదటి ఏడాది పెట్టినప్పుడు నాన్న చూశారు, ఏమీ అనలేదు. బాడిసతో పాటు దానికీ ఒక పువ్వు పెట్టారు.

చేతికి కళ్ళుండాలన్న ఆయన మాటకి జవాబు చెప్తానన్నాను కదా. ఆ కళ్ళతోనే కిటికీ గీత గీశాను. తలుపు ఏ ముఖం ఆనుతుందో చూసింది, షీటు ఎక్కిందో లేదో తడిమింది, ముడి తగిలినప్పుడు ఆగింది, అన్నీ ఆ చెయ్యే. ఒకసారి బాగా చూసి తేల్చుకున్నదాన్ని ప్లైవుడ్‌లో దాచుకున్నాను, అలసిపోయిన సాయంత్రం ఎనిమిదో తలుపు దగ్గర కూడా అది మొదటి తలుపు దగ్గర ఉన్నట్టే ఉండాలని.

ఈమధ్య ఒకాయన డిజిటల్ లాకు కొనుక్కుని, బెడ్రూం తలుపుకి బిగించమని పిలిచారు. డబ్బా తెరిచి చూస్తే ఫేస్ ప్లేటు వెడల్పు 30 మి.మీ. తలుపు షీటుతో కలిపి 32. కొత్త కిటికీ కోసి కొత్త జిగ్ చెయ్యడం గంట పని, చెయ్యొచ్చు. కానీ రెండు పక్కలా మిగిలేది ఒక్కో మిల్లీమీటరు, అందులో షీటే ఒక మిల్లీమీటరు, అంటే చెక్క సున్నా. ఆయన్ని పక్కన నిలబెట్టి, ప్లేటు తలుపు అంచు మీద పెట్టి చూపించాను. కాసేపు చూసి, "అయితే వెనక్కి ఇచ్చేస్తా" అన్నారు. ట్రిమ్మరు సంచిలోంచి తియ్యకుండానే వచ్చేశాను.